14 అడుగుల అల్యూమినియం పడవకి ఫ్లోరు, ముందు డెక్కు వేయాలి – సలహా చెప్పండి

ముక్తేశ్వరం_లంక
నవంబరు 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారమండి. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. గోదావరి గౌతమి పాయ మధ్యన లంకలో మాకు ఎకరంన్నర కొబ్బరితోట ఉంది. ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ నాటుపడవ ఖాళీ చూసుకుని వెళ్ళొచ్చేవాళ్ళం. మొన్న వేలంలో పాత అల్యూమినియం పడవ ఒకటి దొరికింది. వరదల్లో జనాన్ని తరలించడానికి వాడే రకం. పొడవు 14 అడుగులు, అడుగు వెడల్పు 44 అంగుళాలు, పక్కల ఎత్తు 20 అంగుళాలు. వెల్డింగ్ ఎక్కడా లేదు, అంతా రివెట్లే. లోపల అడుగున అడ్డంగా ఏడు రిబ్బులు (రేకుకి బలమిచ్చే పట్టీలు), కూర్చోడానికి మూడు అడ్డబల్లలు.

ఇబ్బంది ఏంటంటే కాలు ఆన్చడానికి చదునుగా జానెడు చోటు లేదు. రిబ్బులు అంగుళంన్నర ఎత్తున లేచి ఉన్నాయి. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్ళు. మొన్న రేవులో దిగుతుంటే రిబ్బు మీద మడమ జారి మోకాలి మీద పడ్డారు. ఎముక విరగలేదు గానీ వారం రోజులు మంచం దిగలేదు. ఆయన లేకుండా ఆ తోట సాగదు, ఆయన మానరు కూడా. అందుకే ఈ పని సంక్రాంతిలోపు పూర్తిచేయాలని పట్టుదల.

నేను అనుకున్నది ఇదండి: మధ్య అడ్డబల్ల కోసేసి, అడుగున రెండంగుళాల చెక్క ఫ్రేము కట్టి, దానిమీద 18 మి.మీ. ప్లైవుడ్ వేసి, అంచులన్నీ సిలికాన్‌తో మూసేద్దామని. ముందు బల్ల నుంచి అణియం (పడవ ముక్కు) దాకా బల్ల ఎత్తులోనే డెక్కు. దాని కింద లంగరు, తాళ్ళు, పెట్రోలు డబ్బా. ఇంజిను 8 హార్స్‌పవర్. తప్పులుంటే ముందే చెప్పండి, కోసేశాక చేసేదేమీ ఉండదు కదా.


వెల్డింగ్_కొట్టు
నవంబరు 9, రాత్రి 10:05

ముందు ఆ రంపం పక్కన పెట్టండి. మధ్య బల్ల కూర్చోడానికి మాత్రమే కాదండి. రెండు పక్కల రేకునీ అది పట్టుకుని ఉంటుంది. ఇంటికి దూలం ఎలాగో దీనికి అది అలాగ. పైగా ఆ బల్ల డొల్ల లోపల ఫోమ్ నింపి ఉంటుంది, పడవ మునిగినా తేలేలా. తడితే బొదబొద చప్పుడొస్తే ఫోమ్ ఉన్నట్టే.

రెండోది బరువు. 12 మి.మీ. ప్లై 8×4 షీటు సుమారు 23 కేజీలు. 18 మి.మీ. అయితే 35. మీ ఫ్లోరుకి ఒక షీటు, డెక్కుకి మూడోవంతు షీటు పడుతుంది. రెండంగుళాల చెక్క 12 మీటర్లంటే ఇంకో 20 కేజీలు. మొత్తం 67 దాకా వెళ్తుంది. అంటే దిగని మనిషినొకణ్ణి ఎప్పుడూ ఎక్కించుకు తిరిగినట్టే. చెక్క ఫ్రేము బదులు 25 మి.మీ. అల్యూమినియం ఎల్ యాంగిల్, 3 మి.మీ. మందంది తీసుకోండి. మీటరుకి 380 గ్రాములే. కిటికీల సెక్షన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది. 12 మీటర్లు వేసినా ఐదు కేజీలు దాటదు.


యానాం_విసురువల
నవంబరు 10, ఉదయం 6:10

డెక్కు గురించి నా మాట. నేను అణియం మీద నిలబడి వల విసురుతాను, అందుకే ముందు డెక్కు ఉండాల్సిందే. బల్ల ఎత్తు పన్నెండు అంగుళాలనుకుంటే మీ పక్కలు 20 కాబట్టి ఇంకా ఎనిమిదంగుళాలు అంచు మిగులుతుంది, అది చాలు. కొందరు నిలబడితే బాగా కనిపిస్తుందని అంచుకి సమానంగా వేస్తారు. వల బరువు ఒకవైపు లాగినప్పుడు కాలు తన్నిపెట్టుకోడానికి ఏమీ ఉండదు, మనిషి నీళ్ళలోకే.

ఫ్లోరు మాత్రం రిబ్బుల మీదే ఆనాలి. ఒక్క అంగుళం కూడా పైకి లేపొద్దు. మనిషి ఎంత ఎత్తున నిలబడితే పడవ అంత ఊగుతుంది.


ముక్తేశ్వరం_లంక
నవంబరు 10, రాత్రి 8:45

చాలా థాంక్సండి ఇద్దరికీ. బల్ల తట్టి చూశాను, బొదబొదమంటోంది. ఇప్పుడు ఆలోచనలో పడ్డాను. బల్ల ఉంచేస్తే నాన్నగారు ముందునుంచి వెనక్కి దాన్ని దాటాలి. అదే కదా అసలు ఇబ్బంది. పక్కలకి గట్టి పట్టీ ఏదైనా వేసి బల్ల తీసేయచ్చా?


సఖినేటిపల్లి_రేవు
నవంబరు 10, రాత్రి 11:30

తమ్ముడూ, నేను బల్ల తీసేసినవాణ్ణి. జరిగింది మొత్తం రాస్తాను, ఓపిగ్గా చదువు.

నాది 13 అడుగుల పడవ. ఇదే రకం, రివెట్లదే. మధ్య బల్ల కోసి తీశాను. లోపల పసుపు రంగు ఫోమ్ ఉంటే బస్తాలో వేసి పెరట్లో పడేశాను. నువ్వు అనుకున్నట్టే ప్లై వేసి, అంచు చుట్టూ సిలికాన్ కొట్టాను. చూడ్డానికి గచ్చు నేలలా ఉండేది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రెండు నెలలు ఏ తేడా లేదు.

మూడో నెలలో పడవ మొండికేయడం మొదలెట్టింది. ఇంజిను అదే, మనుషులు వాళ్ళే, కానీ ముక్కు లేవదు. మలుపు తిప్పితే ఆలస్యంగా తిరిగి, తిరిగాక ఆ వైపుకి ఒరిగిపోయేది. ఇంజిను పని అనుకుని మెకానిక్‌కి చూపించాను. అసలు సంగతి ఏంటంటే బల్ల లేక పక్కలు కదులుతున్నాయి. అల కొట్టినప్పుడల్లా లోపలికి బయటికి ఆడుతున్నాయి. ఆ ఆటకి అడుగు మూల రివెట్లు వదులయ్యి నీళ్ళు ఊరుతున్నాయి. పైన సీలు వేసిన ఫ్లోరు ఉంది కాబట్టి నాకు ఒక్క చుక్క కనపడదు. ఫ్లోరు కిందే నీళ్ళు చేరి, పడవ ఎటు ఒరిగితే అటు మొత్తంగా పరిగెడుతున్నాయి.

ఒకరోజు సాయంత్రం నర్సాపురం వైపు నుంచి వస్తున్నాం. పాటు (నీరు సముద్రం వైపు తీయడం) గట్టిగా లాగుతోంది, సముద్రం నుంచి ఎదురుగాలి. అంతర్వేది వైపు వశిష్ఠ పాయ వెడల్పు తెలుసు కదా. పాటుకి ఎదురుగాలి తగిలితే అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది. మూడో అలకో నాలుగో అలకో అణియం మునిగి లేవలేదు. కింద ఉన్న నీళ్ళన్నీ ముందుకే వచ్చేశాయి. ముగ్గురం. లైఫ్ జాకెట్లు వేసుకుని ఉన్నాం కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. పడవ తిరగబడింది, బోర్లా పడి ఇంజిను బరువుకి అమరం (పడవ వెనక కొస) కిందికి దిగిపోయింది. ఒక వలల పడవ వాళ్ళు చూసి మమ్మల్ని లాగారు.

మర్నాడు పడవ ఒడ్డుకి చేర్చి ఫ్లోరు ఎత్తి చూశాను. సిలికాన్ కింద ప్లై అంచు పూతరేకులా పొరలు పొరలుగా విడిపోయింది. వేలితో లాగితే ఊడి వస్తోంది. రిబ్బుల మధ్య నల్లటి బురద, దాని కింద అల్యూమినియం మీద తెల్లటి పిండి. గోరుతో గీకితే రేకులో గుంట కనపడింది.

అందుకే అడుగుతున్నాను. బల్ల ఉంచు. నాన్నగారి కోసం బల్లకి రెండు పక్కలా మెట్టు పెట్టు, పట్టుకోడానికి గొట్టం కడ్డీ పెట్టు. ఫ్లోరు కింద నీళ్ళు నీకు కనపడేలా ఉండాలి, తోడేలా ఉండాలి. ఇది తప్ప మిగతావన్నీ నీ ఇష్టం.


ముక్తేశ్వరం_లంక
నవంబరు 11, ఉదయం 5:50

అన్నా, రాత్రి చదివాక నిద్ర పట్టలేదు. బల్ల ఉంటుంది. మాటిస్తున్నాను.


పాత_సరంగు
నవంబరు 11, ఉదయం 9:15

నాయనా, మా నాన్న ధాన్యం పడవ నడిపేవాడు, ధవళేశ్వరం నుంచి కాలువ లాకులు దాటుకుంటూ. నేనూ ఆ పడవలోనే పెరిగాను. అందులో అడుగు పలకలు ఒక్కటి కూడా మేకు కొట్టి ఉండేది కాదు. అన్నీ వేలు దూర్చి ఎత్తుకునేవే. పొద్దున లేవగానే మొదటి పని మధ్య పలక ఎత్తి చూడటం. నీరు ఎంత ఊరిందో చూసి తోడేసి, అప్పుడే గడ ముట్టుకునేవాళ్ళం. చెక్క పడవైనా రేకు పడవైనా నీరు రాకుండా ఉండదు. వచ్చిన నీటికి దారి, చూసే కంటికి చోటు ఉండాలి.

రిబ్బులకి అడుగున చిన్న కంతలు ఉన్నాయేమో చూడు. వాటిలోంచే నీరు వెనక్కి నడుస్తుంది. బురద పట్టి మూసుకుపోయి ఉంటాయి. ఒక కొబ్బరి ఈనె దూర్చి శుభ్రం చెయ్.


ఫైబర్_షెడ్డు
నవంబరు 11, మధ్యాహ్నం 2:40

కాకినాడ వైపు ఫైబర్ పడవల షెడ్డులో పని చేస్తానండి. ప్లై విషయం నేను చెప్తాను.

కొట్టువాడు వాటర్‌ప్రూఫ్ అన్నాడని తీసుకోకండి. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉండాలి. 303 అనేది ఇంటి సామానుకి. 710 రకానికి పరీక్షే 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టడం. నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, పొయ్యి మీద ఒక పూటంతా ఉడికించండి. నాసిరకం ఆ సాయంత్రానికే విచ్చుకుంటుంది.

ముక్కలన్నీ కోసి, కంతలన్నీ వేసి, పడవలో ఒకసారి అమర్చి చూసుకుని, అప్పుడు ఎపాక్సీ రెజిన్ మూడు పూతలు. కింద, పైన, అంచులు. అంచు మీదే ప్రాణం ఉంది. అది రెజిన్ తాగేస్తుంది కాబట్టి అక్కడ తడి తడిగానే మళ్ళీ వేయాలి. స్క్రూ కంతల లోపలికి చిన్న బ్రష్షుతో పూయండి. మా షెడ్డుల్లో దొరికే చవక పాలిస్టర్ రెజిన్ ఫైబర్‌కి బాగుంటుంది గానీ చెక్కకి అంత గట్టిగా పట్టదు, కొన్నాళ్ళకి పొట్టులా లేస్తుంది. మన దగ్గర ఈ నెలల్లో పొద్దున మంచు ఉంటుంది. పది దాటాక మొదలెట్టి మూడింటికి ఆపేయండి. తేమలో వేస్తే పైన జిడ్డు పొర కడుతుంది, దానిమీద రెండో పూత నిలవదు.


పాలిటెక్నిక్_మాస్టారు
నవంబరు 11, రాత్రి 9:00

ఇందాక తెల్లటి పిండి అన్నారు కదా, అది ఎందుకొస్తుందో చెప్తాను, తెలిస్తే చాలా తప్పులు వాటంతట అవే ఆగుతాయి.

అల్యూమినియం మీద గాలి తగిలితే కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడుతుంది. అదే దానికి కవచం. తడి గుడ్డో, బురదో, నానిన చెక్కో రేకుకి అంటుకుని ఉండిపోతే గాలి ఆడక ఆ పొర పాడయ్యి అక్కడ గుంటలు పడతాయి. ఇది ఒకటి. రెండోది, రెండు లోహాలు తగిలి ఉండి మధ్యలో ఉప్పునీరు ఉంటే అది బ్యాటరీలా పని చేస్తుంది. ఆ జతలో అరిగిపోయేది అల్యూమినియమే. రాగి, ఇత్తడి తగిలితే మరీ వేగం. ముక్తేశ్వరం దగ్గర వరద రోజుల్లో నీళ్ళు తియ్యగానే ఉంటాయి గానీ వేసవిలో పైనుంచి ప్రవాహం తగ్గితే పోటుతో ఉప్పు ఎగదన్నుతుంది.

కాబట్టి రివెట్లు అల్యూమినియంవే వాడండి. బోల్టు తప్పదనుకుంటే స్టెయిన్‌లెస్, మధ్యలో నైలాన్ వాషరు. మామూలు ఇనప స్క్రూ ఒక్కటి కూడా వద్దు. మెరైన్ ప్లైకి పురుగు పట్టకుండా పట్టించే మందుల్లో రాగి లవణాలు ఉండేవి ఉన్నాయి. అందుకే చెక్క నేరుగా రేకుని తాకకూడదు. రెజిన్ పూత అయ్యాక రిబ్బుల మీద రబ్బరు పట్టీ అతికించి దానిమీద ప్లై ఆన్చండి. చప్పుడు కూడా తగ్గుతుంది.

మన అలవాట్లలో రెండు చెప్తాను. పడవకి పూజ చేసి అణియం మీద ఇత్తడి బిళ్ళో, దేవుడి బొమ్మో స్క్రూ కొట్టి బిగిస్తారు. చెక్క పడవకి ఏమీ కాదు, దీనికి మాత్రం చెక్క దిమ్మ మీద బిగించి, ఆ దిమ్మని రబ్బరు వేసి కూర్చోబెట్టండి. గోదారమ్మకి వేసే చిల్లర పొరపాటున పడవ అడుగున పడితే తీసి నీళ్ళలో వేసేయండి. రాగి కలిసిన పాత నాణెం ఒకటి ఫ్లోరు కింద బురదలో నెలలు ఉండిపోతే దాని చుట్టూ రేకు తినేస్తుంది.


రొయ్యల_చెరువు
నవంబరు 12, ఉదయం 7:25

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతానండి. మా చెరువు దగ్గర చిన్న అల్యూమినియం పడవలో మేత బస్తాలతో పాటు సున్నం బస్తాలు, బ్లీచింగ్ పౌడరు కూడా తీసుకెళ్ళేవాళ్ళం. ఏడాదిన్నరకి అడుగు జల్లెడ అయిపోయింది. సున్నం తడిస్తే అల్యూమినియాన్ని తినేస్తుందని అప్పటిదాకా మాకు తెలీదు. సిమెంటు కూడా అంతే. లంకలో షెడ్డు కడతారేమో, సిమెంటు మాత్రం నాటుపడవలో వేసుకెళ్ళండి.


పాలిటెక్నిక్_మాస్టారు
నవంబరు 12, ఉదయం 8:10

సరిగ్గా చెప్పారు. క్షారం తగిలితే ఆ కవచం పొరే కరిగిపోతుంది. కడగడానికి సోడా కూడా వాడొద్దు. మంచినీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు.


ముక్తేశ్వరం_లంక
నవంబరు 16, రాత్రి 9:30

ఈ వారం రిపోర్టు. పడవని రెండు సరుగుడు దుంగల మీద ఎత్తి, లోపల నీళ్ళు పోశాం. కింద పడుకుని టార్చి వేసి చూశాను. మొదట ఏమీ లేదనుకున్నా. పావుగంటకి ఎడమ మూల వరుసలో ఒక రివెటు తల చుట్టూ చెమట పట్టినట్టు తడి మెరిసింది. తర్వాత అదే బొట్టయ్యి, వేలాడి, పడింది. పక్కదానికీ అంతే. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోతే మొత్తం పదకొండు. వాటిలో తొమ్మిది, లోపల ఒకరు ఇనప దిమ్మ ఆన్చి పట్టుకుంటే బయటనుంచి నేను సుత్తితో చిన్నగా కొట్టేసరికి బిగిశాయి. రెండు మాత్రం తొలిచి కొత్తవి వేసి, పాలీయూరిథేన్ సీలెంటు పూశాం. మళ్ళీ నీళ్ళు పోసి రాత్రంతా ఉంచాం, ఒక్క చుక్క లేదు. పాత సరంగుగారూ, రిబ్బు కంతలు ఏడింట్లో నాలుగు మూసుకుపోయే ఉన్నాయండి. ఈనెతోనే తీశాను.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. యాంగిల్‌ని రిబ్బులకి రివెటు కొట్టేటప్పుడు డ్రిల్లు బిట్టు అడుగు రేకులోకి దిగకుండా ఎలా? ఫ్లోరు కింద ఖాళీలో థర్మోకోల్ నింపచ్చా?


వెల్డింగ్_కొట్టు
నవంబరు 16, రాత్రి 10:15

బిట్టుకి కావలసిన లోతు కొలిచి అక్కడ టేపు చుట్టండి, టేపు తగలగానే ఆపండి. రివెటు కూడా పొట్టిది. రిబ్బు పైతలంలోనే అది విచ్చుకోవాలి. దాని తోక అడుగు రేకుని తాకితే రోజూ పొడుస్తూనే ఉంటుంది. అడుగు రేకులోకి మాత్రం ఒక్క కంత కూడా వేయొద్దు.


సఖినేటిపల్లి_రేవు
నవంబరు 16, రాత్రి 10:50

థర్మోకోల్ వద్దు. పెట్రోలు చుక్క పడితే ఐసులా కరిగిపోతుంది. ఫోమ్ అంతా ఫ్లోరు కిందే పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పడవ నిండినప్పుడు తేలే వస్తువు అడుగున ఉంటే అడుగే పైకి రావాలని చూస్తుంది. పడవ బోర్లా పడుతుంది. ఫోమ్ పైన, పక్కల అంచు కింద, బల్లల్లో ఉండాలి. అప్పుడు నిండినా నిటారుగానే ఉంటుంది, పట్టుకుని ఉండచ్చు.


పాలిటెక్నిక్_మాస్టారు
నవంబరు 17, ఉదయం 6:40

లెక్క వేసి ఇస్తాను. లీటరు ఫోమ్ సుమారు కేజీ బరువుని ఆపుతుంది. మీ పడవ రేకు 90 కేజీలనుకుందాం. నీళ్ళలో మునిగిన అల్యూమినియం తన బరువులో మూడోవంతుకి పైగా కోల్పోతుంది కాబట్టి 57 కేజీలు ఆపితే చాలు. ఇంజిను 40, బ్యాటరీ 20 ఉన్నంతా లెక్కేయండి. పట్టుకుని వేలాడే ముగ్గురికి తలా పది. మొత్తం 147, అంటే 150 లీటర్లు. ఘనపుటడుగుల్లో సుమారు ఐదుంపావు. మీ మూడు బల్లల్లో ఉన్నది కొలిచి చూడండి. తక్కువైతే అంచు కింద మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు బెల్టుతో కట్టినా సరిపోతుంది. మీ ప్లై ఫ్లోరు చెక్కే కాబట్టి దాని బరువు అదే మోసుకుంటుంది. కానీ దాన్ని గట్టిగా బిగించి ఉంచాలి, లేకపోతే అది ఒక దారి, పడవ ఒక దారి.


పాత_సరంగు
నవంబరు 17, ఉదయం 8:00

బిగించి ఉండాలి అన్నారు, ఎత్తుకునేలా ఉండాలి అని నేనన్నాను. రెండూ కుదరాలంటే తిరుగుడు గడియలు వేయించు. పావు తిప్పితే ఊడాలి.


యానాం_విసురువల
నవంబరు 17, రాత్రి 7:30

గడియలు వేసేటట్టయితే వాటి తల ఫ్లోరు మట్టానికి దిగిపోవాలి. బయటికి పొడుచుకొచ్చిన ఏ బోల్టు తలైనా వల కన్ను పట్టేస్తుంది. మా వాళ్ళ పడవలో ఒక్క స్క్రూ తల వల్ల కొత్త వల మూరెడు చిరిగింది.

జారకుండా ఉండడానికి ఆఖరి పూత తడిగా ఉండగానే సన్నగా జల్లెడ పట్టిన ఇసుక చల్లుతారు. ఫ్లోరుకి చల్లండి, డెక్కు మీద మాత్రం అణియం చివర రెండడుగులు వదిలేయండి. అక్కడ వల పడుతుంది, ఇసుక గరుకుకి నైలాను అరుగుతుంది.


రొయ్యల_చెరువు
నవంబరు 17, రాత్రి 8:05

ప్లై బదులు చెకర్డ్ (పైన గరుకు గళ్ళున్న) అల్యూమినియం షీటే వేసేస్తే పోదాండీ? కుళ్ళదు, నానదు.


వెల్డింగ్_కొట్టు
నవంబరు 17, రాత్రి 8:40

వేయచ్చు, నేను చాలా వాటికి వేశాను. 3 మి.మీ. షీటు బరువు 12 మి.మీ. ప్లైతో దాదాపు సమానం. ఖర్చు ఎక్కువ. కానీ మన మే నెల ఎండలో దానిమీద ఒట్టికాలు పెట్టలేరు. లంకల్లో చెప్పులేసుకుని పడవెక్కేవాళ్ళు ఎంతమంది?


ముక్తేశ్వరం_లంక
నవంబరు 17, రాత్రి 9:10

మా నాన్నగారు చెప్పులు ఒడ్డునే వదిలి ఎక్కుతారు. గోదారి మీదకి చెప్పులతో వెళ్ళరు. కాబట్టి ప్లైయే. పైన కొబ్బరి పీచు చాప పరుద్దామనుకుంటున్నా, మా ఊళ్ళోనే నేస్తారు.


పాలిటెక్నిక్_మాస్టారు
నవంబరు 17, రాత్రి 9:35

ప్లై మీద పరచండి, తప్పులేదు. కానీ రోజూ ఎత్తి ఆరేయాలి. పీచు చాప ఉప్పునీళ్ళు పట్టుకుంటే వారానికీ ఆరదు. అంచు వేలాడి రేకుకి తగలకుండా చూసుకోండి.


ఫైబర్_షెడ్డు
నవంబరు 18, మధ్యాహ్నం 1:15

పెట్రోలు డబ్బా సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదటి పోస్టులో డెక్కు కింద పెడతానన్నారు. వద్దండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగుకి దిగి అక్కడే నిలుస్తుంది. మూసిన డెక్కు కింద అది చేరితే బ్యాటరీ వైరు దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. డబ్బా అమరం దగ్గర, గాలాడే చోట, బెల్టుతో కట్టి ఉంచండి. డెక్కు కింద తాళ్ళు, లంగరు, జాకెట్లు. ముందువైపు, వెనకవైపు చేయి పట్టేంత గాలికంతలు వేయండి. లేకపోతే తాళ్ళు బూజు పడతాయి.


ముక్తేశ్వరం_లంక
డిసెంబరు 21, రాత్రి 8:20

పని చివరికొచ్చింది. ఎలా చేశానో రాస్తున్నాను, నాలాంటి వాళ్ళు ఇంకెవరైనా వెతుక్కుంటారని.

ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి ముందు అట్టతో ఫ్లోరు చేశాం. పక్క రేకు వంపు కోసం పెన్సిలుని చిన్న చెక్కముక్కకి కట్టి రేకు వెంబడి జరుపుకుంటూ గీత గీశాం. అట్ట అన్ని చోట్లా కూర్చున్నాకే ప్లై మీద రంపం పెట్టాం. చుట్టూ ఆరు మి.మీ. ఖాళీ వదిలాం. మధ్య బల్ల ఉంది కాబట్టి ఫ్లోరు మూడు ముక్కలు: బల్ల ముందు ఒకటి, వెనక రెండు. ఆఖరి ముక్క చిన్నది, అమరం దగ్గర నీళ్ళు చేరే చోటు మీద. వేలు దూరే కంత పెట్టి ఒంటిచేత్తో ఎత్తేలా చేశాం. డ్రెయిన్ ప్లగ్గు (నీళ్ళు వదిలే బిరడా) దానికిందే.

యాంగిళ్ళు రిబ్బుల పైన పొడుగునా మూడు వరుసలు. ప్లై వాటిమీద గడియలతో బిగుస్తుంది. యాంగిలు మీద సైకిలు ట్యూబు కోసి అతికించాం. డెక్కు ముందు బల్ల ఎత్తులోనే. ధాన్యం కాటా మీద అన్నీ తూచాను. ఫ్లోరు ముక్కలు రెజినుతో కలిపి 24, డెక్కు 9, యాంగిళ్ళు, రివెట్లు, గడియలు 5. మొత్తం 38 కేజీలు. మొదట అనుకున్నదానిలో సగానికి కాస్త ఎక్కువ.

ఒక తప్పు చేశాను, చెప్పాలి. రెండో పూత రోజు చుట్టాలొచ్చి ఆలస్యమైంది. నాలుగున్నరకి మొదలెట్టాను. పొద్దునకి వెనక ముక్క పైన తెల్లగా జిడ్డు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, సాండ్‌పేపరు పట్టి మళ్ళీ పూయాల్సొచ్చింది. మూడింటికి ఆపమని ఫైబర్ షెడ్డు గారు చెప్పనే చెప్పారు.

బల్లకి రెండు పక్కలా ఆరంగుళాల ఎత్తు మెట్టు పెట్టాం. కుడి పక్క అంచుకి అల్యూమినియం గొట్టం కడ్డీ, నాన్నగారి చేయి ఎత్తు కొలిచి. బల్లల్లో ఫోమ్ కొలిస్తే నాలుగు ఘనపుటడుగులే ఉంది. మిగతాదానికి అంచు కింద ఐదు లీటర్ల క్యాన్లు పక్కకి ఐదు చొప్పున పది కట్టాను.


సఖినేటిపల్లి_రేవు
డిసెంబరు 21, రాత్రి 9:00

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. నీళ్ళలోకి దింపాక ఒక పరీక్ష చెయ్. ఒడ్డున నడుములోతులో ముగ్గురు ఒకే పక్కకి జరగండి, అంచు ఎంత దిగుతుందో చూడు. తర్వాత మనుషులు దిగి, ఇంజిను తీసేసి, దాని బరువుకి తగ్గ ఇసుక బస్తా అమరానికి కట్టి పడవని నీళ్ళతో నింపు. నిటారుగా తేలాలి. ఇది చెయ్యకుండా నడి గోదాట్లోకి నాన్నగారిని తీసుకెళ్ళకు.

వాన సంగతి కూడా. నీ పడవ నోరు ఐదు చదరపు మీటర్లుంటుంది. 100 మి.మీ. వాన పడితే 500 లీటర్లు, అరటన్ను. తుపాను కబురు వింటే పడవ ఒడ్డుకెక్కించి ప్లగ్గు తీసేసి ఉంచు.


పాత_సరంగు
డిసెంబరు 22, ఉదయం 7:10

వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి వేస్తారు. అది విన్నావంటే ఈ పడవ కట్టేయ్. ఎనిమిది హార్స్‌పవర్ ఆ ప్రవాహానికి చాలదు, పైగా దుంగలు కొట్టుకొస్తాయి. ఆ రేకుకి ఒక్క దుంగ చాలు.


ముక్తేశ్వరం_లంక
జనవరి 11, రాత్రి 7:45

నిన్న దింపాం. ముగ్గురం ఎడమ పక్కకి జరిగితే అంచు నీటికి ఇంకా జానెడు పైనే ఉంది. బస్తా కట్టి నింపితే అంచుల దాకా మునిగి నిటారుగా నిలిచింది. అమరం నాలుగంగుళాలు ఎక్కువ దిగింది, అందుకని రెండు క్యాన్లు ముందునుంచి వెనక్కి మార్చాను. మళ్ళీ నింపి చూశాం, సరిపోయింది.

ఇవాళ పొద్దున నాన్నగారితో లంకకి వెళ్ళాం. మంచు విడిచాక, తొమ్మిదింటికి. ఆయన రేవులో చెప్పులు విడిచి, కడ్డీ పట్టుకుని, డెక్కు మీద ఒక కాలు, ఫ్లోరు మీద ఒక కాలు వేసి దిగారు. మెట్టెక్కి బల్ల దాటి వెనక్కొచ్చి కూర్చున్నారు. ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు అరవై కాయలు వేసుకున్నాం, బస్తాలు కదల్లేదు. ఒడ్డుకొచ్చాక నేను తాడు కడుతుంటే ఆయనే వంగి వెనక ముక్క ఎత్తి చూశారు. అడుగున రెండు దోసెళ్ళ నీళ్ళున్నాయి, కాళ్ళతో వచ్చినవే. కొబ్బరిచిప్పతో తోడి గోదాట్లో పోసి, ముక్క మళ్ళీ బిగించి, గడియ తిప్పారు.


పాత_సరంగు
జనవరి 11, రాత్రి 8:30

ఆ చిప్ప పడవలోనే ఉంచు నాయనా. తాడు కట్టి ఉంచు.